పాట వెనుక పేర్లు

ఇష్టమైన పాటను పదిమందితో పంచుకోవడం ఈనాటి అలవాటేమీ కాదు. సెల్‌ఫోను రాకముందు మన ఊళ్ళలో ఆ పనిని పోస్టుకార్డు చేసేది. 1952లో రేడియో సిలోన్‌లో బినాకా గీత్‌మాలా మొదలైంది. బుధవారం రాత్రి ఎనిమిది గంటలకు అమీన్ సయానీ గొంతు వినిపించేది. సోదరుల కంటే ముందుగా సోదరీమణులను సంబోధించడం ఆయన మర్యాద. 1957 అక్టోబరు 3న ఆకాశవాణి వారి వివిధ భారతి ఆరంభమైంది. 1948 డిసెంబరు 1 నుంచే పనిచేస్తున్న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మా ప్రాంతానికి తెలుగు పాటలను చేరవేస్తూ ఉండేది. శ్రోతలు కోరిన పాటలంటే ఇంటిల్లిపాదీ చెవులు రిక్కించేవారు. నేటి జార్ఖండ్‌లో అభ్రకపు గనులకు నెలవైన ఝుమ్రీ తలైయా అనే చిన్న పట్టణం, కేవలం అక్కడి జనం రాసిన పోస్టుకార్డుల కారణంగా దేశమంతటికీ తెలిసిపోయింది.

ఆ కార్డులలో ఏముండేది? పాట పల్లవి, చిత్రం పేరు, ఆపైన పేర్ల వరుస. అన్న, వదిన, చిన్నాన్న కొడుకు, పక్కింటి అబ్బాయి, అందరి పేర్లూ అందులోనే. వాటిని చదివి వినిపించడానికి ఒక్కోసారి పాటంత సమయం పట్టేది. పాట ఊరందరిదీ, ఆ పేర్లు మాత్రం ఎవరివి వారివి. నిజానికి శ్రోతలు ఎదురు చూసింది పేర్ల కోసమే. తామున్నామని, తమవారిని తలచుకుంటున్నామని నలుగురికీ వినిపించేలా చెప్పే మార్గం వారికి అదొక్కటే.

పాట గురించి మేము చెప్పదలచిన మాట కూడా ఆ పేర్ల చుట్టూనే తిరుగుతుంది.

మేము ఐదుగురం తోబుట్టువులం. పుట్టి పెరిగింది గంపలగూడెంలో. ఒకవైపు తిరువూరు, మరోవైపు ఖమ్మం జిల్లా సరిహద్దు, నడుమ కట్టలేరు. నిన్నటిదాకా కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. ఇప్పుడు మాలో ఇద్దరు ఊళ్ళోనే ఉన్నారు. ఒకరు ఖమ్మంలో, ఒకరు విజయవాడలో, అందరికంటే చిన్నవాడు కువైట్‌లో స్థిరపడ్డారు. ఈ నాలుగు మాటలూ ఐదుగురం కలిసి మాట్లాడుకొని రాస్తున్నవి. ఆ కారణంగానే ఇందులో ఎక్కడా 'నేను' ఉండదు.

మా అబ్బాజాన్ మామిడి తోటలను గుత్తకు తీసుకొనేవారు. పిందె నిలిచే వేళకు యజమానితో ధర మాట్లాడుకొని, కోత ముగిసేదాకా తోటను కాపాడుకోవాలి. ఒక్క రాత్రి ఈదురుగాలి వీచిందంటే ఏడాది రాబడి నేలపాలు. వేసవి మూడు నెలలూ ఆయన పడక తోటలోని పాకలోనే. తోడుగా ఒక ట్రాన్సిస్టరు ఉండేది. రాత్రివేళ అది మోగుతూ ఉంటే తోటలో మనిషి మెలకువగా ఉన్నాడని దొంగకు తెలుస్తుంది, ఒంటరిగా లేనన్న ధైర్యం కాపలాదారుకూ కలుగుతుంది.

అబ్బాజాన్‌కు మహమ్మద్ రఫీ గానమంటే ప్రాణం. అందులోనూ రఫీ తెలుగులో పాడిన పాటలంటే మరీ మక్కువ. 1969లో వచ్చిన 'భలే తమ్ముడు' చిత్రంలో ఎన్.టి. రామారావుకు రఫీ తెలుగులో పాడారు. ఆ తరువాత 'ఆరాధన', 'అక్బర్ సలీమ్ అనార్కలి' చిత్రాలలోనూ పాడారు. అమృత్‌సర్ జిల్లా పల్లెలో పుట్టిన ఆ గొంతు తెలుగు మాటలను పలుకుతున్నప్పుడు అక్కడక్కడ ఒక అక్షరం పక్కకు ఒరిగేది. అబ్బాజాన్ దాన్ని లోపంగా ఎంచేవారు కాదు. "మన ఇంట్లో మాత్రం తెలుగు మీదికి ఉర్దూ, ఉర్దూ మీదికి తెలుగు ఒరగడం లేదా?" అని నవ్వేవారు. 1980 జూలై 31 రాత్రి రఫీ కన్నుమూశారు. అది రమజాన్ నెల. మరునాడు శుక్రవారం. ఆ వార్త విన్న అబ్బాజాన్ ట్రాన్సిస్టరు కట్టివేసి, జుమా నమాజుకు వెళ్ళి, ఆ గాయకుని మగ్‌ఫిరత్ కోసం దుఆ చేసి వచ్చారు. నేటికీ రఫీ పాట ఎక్కడ వినిపించినా మాకు తెరమీది కథానాయకుడు కనిపించడు. పచ్చిమామిడి వాసన, కిరోసిన్ లాంతరు, పాకలో వెల్లకిలా పడుకొని చుక్కలు చూస్తున్న మా తండ్రి కనిపిస్తారు.

ఆపాకు ప్రియమైన గీతం ఇక్బాల్ కవి 1902లో పిల్లల కోసం రచించిన 'బచ్చే కీ దుఆ'. ఫజ్ర్ తరువాత మస్జిద్ అరుగు మీద జరిగే మక్తబ్‌లో పిల్లలందరూ వరుసగా నిలబడి పాడేవారు. అర్థం అప్పుడు పూర్తిగా తెలియదు. దీపంలా వెలగాలన్న ఆశ అందులో ఉన్నదని మాత్రం తెలుసు. ఆ గీతం ఆపా చెవిన పడితే చలికాలపు ఉదయం అరిపాదాలకు తగిలిన నాపరాళ్ళ చల్లదనం, పక్కన నిలబడిన స్నేహితురాలి మోచేయి జ్ఞాపకం వస్తాయట. ఆ స్నేహితురాలు పెళ్ళయిన రెండేళ్ళకే అల్లాహ్ సన్నిధికి చేరుకున్నది. ఆమె గుర్తుగా ఆపా దగ్గర ఫొటో అయినా లేదు. ఉన్నది ఆ గీతమే.

చిన్నన్నయ్యకు బుర్రకథలంటే ఇష్టం. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ గారు తెలుగునాట బుర్రకథకు పర్యాయపదమయ్యారు. పల్నాటి యుద్ధాన్నీ బొబ్బిలి యుద్ధాన్నీ ఆయన చెబుతుంటే హిందువులు, ముస్లిములు అన్న తేడా లేకుండా ఊళ్ళకు ఊళ్ళే కదిలి వచ్చేవని పెద్దలు చెప్పుకొనేవారు. 1986లో ఆయనను పద్మశ్రీ వరించింది. రేడియోలో నాజర్ కథ వస్తున్నదంటే చిన్నన్నయ్య నులకమంచం కోడు పట్టుకొని కదలకుండా కూర్చొనేవాడు. "తెలుగులో ఇంత గొప్పగా చెప్పేవాడు మనవాడు" అని పక్కింటి రైతు అన్నప్పుడు, ఆ 'మన' అన్న మాటలో తానూ ఉన్నానని ఆ వయసులోనే అతనికి తోచింది. భాష మనదా కాదా అన్న సంశయం అతని మనసులో మళ్ళీ తలెత్తలేదు.

మా అమ్మీకి మాత్రం పాట లేదనే మాలో నలుగురం అనుకొనేవాళ్ళం. ఆమె పాడగా మేము వినలేదు.

ఇక భాయీజాన్. ఆయన మాలో పెద్దవారు. నలభై ఏళ్ళు నిండిన తరువాత ఆయన వాద్యాలతో కూడిన పాటలు వినడం మానుకున్నారు. ఆ నిర్ణయం ఆయన చదువు నుంచి, ఆయన అంతరాత్మ నుంచి వచ్చినది. సంగీత వాద్యాల విషయంలో ధర్మపండితుల మధ్య అభిప్రాయభేదం శతాబ్దాలుగా ఉన్నదే. దానిని తేల్చే అర్హత మాకు లేదు, ఈ వ్యాసం ఉద్దేశమూ అది కాదు. ఎవరికి సందేహం కలిగినా తాము విశ్వసించే ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవడం ఉత్తమం. అయితే హదీసు గ్రంథాలలోని కొన్ని ఘట్టాలు మా అందరికీ సమానంగా ప్రియమైనవి. పండుగనాడు హజ్రత్ ఆయిషా (రజి) ఇంట ఇద్దరు బాలికలు పాడుతుంటే హజ్రత్ అబూబక్ర్ (రజి) వారించబోయారు. దైవప్రవక్త (స) వారిని పాడనిమ్మన్నారు, ప్రతి జాతికీ ఒక పండుగ ఉంటుందని గుర్తు చేశారు. కందక యుద్ధానికి ముందు మదీనాలో మట్టి మోస్తూ సహాబాలు పద్యాలు పాడుకుంటుంటే, దైవప్రవక్త (స) తామూ మట్టి మోస్తూ గొంతు కలిపారు. శ్రమలోనూ సంతోషంలోనూ మనిషి గొంతు పాటను కోరుకుంటుందని ఈ ఘట్టాలు మాకు చెబుతాయి.

కానీ ఇళ్ళలో అభిప్రాయభేదం గ్రంథాలలో ఉన్నంత ప్రశాంతంగా ఉండదు. మా ఇంట ఒక అమ్మాయి నికాహ్‌నాడు, వలీమా భోజనాలకు ముందు, పిల్లలు ముచ్చటపడి స్పీకర్లు తెప్పించారు. పాట మొదలు కాగానే భాయీజాన్ అమ్మాయి తలపై చేయి వేసి దీవించి, భోజనం చేయకుండానే వెళ్ళిపోయారు. ఎవరూ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. కానీ ఆ తరువాత రెండేళ్ళపాటు మా మధ్య మాటలు క్షేమసమాచారాలను దాటలేదు. మేము కలిసిన చోట రఫీ పేరెత్తడానికి అందరికీ సంకోచం. అబ్బాజాన్ పోయి అప్పటికి చాలా కాలమైంది. రఫీ పేరు ఎత్తకుండా అబ్బాజాన్‌ను తలచుకోవడం మాకు చేతకాదు. ఆ విధంగా, ఒక పాట గురించిన మౌనం మా తండ్రి గురించిన మౌనంగా మారసాగింది.

ఇంతలో అమ్మీ జ్ఞాపకశక్తి సన్నగిల్లింది. ఎనభైకి దగ్గరపడిన ప్రాయం. మొదట ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టినదీ మరచిపోయేవారు. తరువాత నమాజు రకాతులు, ఆ తరువాత మా పేర్లు. విజయవాడలో వైద్యులకు చూపించాం. ఇది వయసుతో వచ్చే మామూలు మతిమరుపు కాదని, డిమెన్షియా అని చెప్పారు. ఈ వ్యాధిలో దగ్గరి సంగతులు ముందుగా చెరిగిపోతాయి, చిన్ననాటివి ఎక్కువ కాలం నిలుస్తాయి. బాగా వంటబట్టిన పాటలూ ప్రార్థనలూ తక్కిన మాటలు జారిపోయిన తరువాత కూడా చాలామందిలో మిగిలి ఉంటాయి.

నిరుటి చలికాలంలో అమ్మీకి జ్వరం తగిలి నీరసించినప్పుడు ఐదుగురమూ గంపలగూడెం చేరాం. ఒక సాయంత్రం మనవరాలు ఒకతె నానీకి హాయిగా ఉంటుందని ఫోనులో రఫీ పాట ఒకటి సన్నగా పెట్టింది. భాయీజాన్ ఏమీ అనకుండా లేచి గుమ్మం వైపు నడిచారు. సరిగ్గా అప్పుడే అమ్మీ కుడిచేయి దుప్పటి మీద గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. కొద్ది రోజులుగా ఆ చేయి అలా తిరుగుతూనే ఉన్నది. అదేమిటో మాలో నలుగురికి అంతుబట్టలేదు. గుమ్మం దాకా వెళ్ళిన భాయీజాన్ ఆ చేతి వంక చూసి ఆగిపోయారు.

"అమ్మీ తిరగలి తిప్పుతున్నది" అన్నారు.

మనవరాలు ఫోను ఆపివేసింది. భాయీజాన్ మంచం పక్కన నేలమీద కూర్చొని, తన చేతిని అమ్మీ చేతిపై వేసి, ఆమెతోపాటు తిప్పుతూ, గొంతు విప్పారు. అది మేమెన్నడూ వినని బాణీ. రెండు మాటలు దక్కనీ ఉర్దూ, రెండు మాటలు తెలుగు. ఆయన ఒక చరణం సగంలో తడబడ్డారు. ఆ సగం నుంచి అమ్మీ అందుకున్నారు. వారం రోజులుగా మంచినీళ్ళు కావాలని చెప్పడానికి కూడా మాట రాని మనిషి, మాట వెంట మాటగా పాడుకుంటూ పోయారు.

మా ఇంటికి తిరగలి అవసరం తీరిపోయిన తరువాతే మాలో నలుగురికి ఊహ తెలిసింది. ఊరికి కరెంటు పిండిమర వచ్చేసింది. తెల్లవారుజామున అమ్మీ జొన్నలు విసురుతుంటే ఆమె ఒడిలో తలపెట్టి నిద్రపోయిన బిడ్డ భాయీజాన్ ఒక్కరే. పాటలకు దూరమైనవారని మేము అనుకొన్న మనిషి దగ్గరే మా తల్లి పాట భద్రంగా ఉన్నది.

ఆ పాటలో గుప్పెడు గింజలకు ఒక పేరు వస్తుంది. తొలి గుప్పెడు అల్లాహ్ పేరిట, మలి గుప్పెడు ప్రవక్త (స) పేరిట. ఆపైన అత్తమామలు, భర్త, బిడ్డలు. భాయీజాన్ పేరు తరువాత అమ్మీ ఒక ఆడపిల్ల పేరు పలికారు. అది ఆపా పేరు కాదు. మేమెవరమూ విన్న పేరు కాదు. భాయీజాన్ తల వంచుకున్నారు.

తరువాత వరండాలో కూర్చొని ఆయనే చెప్పారు. తన తరువాత రెండేళ్ళకు ఒక చెల్లెలు పుట్టిందట. చిల్లా నిండకముందే, నలభై రోజులు పూర్తికాకుండానే పోయిందట. అప్పట్లో ఇటువంటి దుఃఖం గురించి ఇంట్లో మాట్లాడుకొనేవారు కారు. ఊరి ఖబ్రస్తాన్‌లో ఆ పసిసమాధికి గుర్తు కూడా మిగలలేదు. ఆ పేరును పైకి పలకడానికి అమ్మీకి ఉన్న చోటు తిరగలి పాట ఒక్కటే. పిండిమర రావడంతో ఆమె చేతులకు విశ్రాంతి దొరికింది, ఆ చోటు పోయింది. ఆరుగురు బిడ్డల తల్లి, ఐదుగురి తల్లిగా ఇన్నేళ్ళు గడిపారు.

ఇటువంటి పాటలు మా అమ్మీతో పుట్టినవి కావు. దక్కను నేలపై, ముఖ్యంగా బీజాపూర్ ప్రాంతంలో, సూఫీల పరంపర నుంచి వచ్చిన 'చక్కీనామా', 'చర్ఖానామా' గీతాలు ఉన్నాయి. తిరగలి తిప్పే స్త్రీలు, రాట్నం వడికే స్త్రీలు పని చేసుకుంటూ పాడుకోవడానికి వీలుగా సరళమైన దక్కనీలో అవి రూపొందాయి. తిరగలి పిడిని అలిఫ్ అక్షరంతో పోల్చి, దాని ద్వారా అల్లాహ్‌ను స్మరింపజేసిన పాటలు వాటిలో ఉన్నాయి. అక్షరం రాని ఇల్లాలికి ధర్మాన్ని చేరవేసింది పుస్తకం కంటే ముందు తిరగలి. మా అమ్మీ బీజాపూర్ పేరైనా విని ఉండరు. అయినా గుప్పెడు గుప్పెడుకూ పేరు తలచుకొనే పద్ధతి ఏ అత్తగారి నుంచో, ఏ నానీ నుంచో చేతులు మారుతూ కట్టలేటి ఒడ్డుకు చేరింది. దారిలో తెలుగు మాటలను కలుపుకున్నది.

ఆనాటి నుంచి మా మధ్య ఏదో అద్భుతం జరిగిందని చెప్పలేం. భాయీజాన్ అభిప్రాయం మారలేదు. మేమూ రఫీని వదులుకోలేదు. అయితే ఆయనే ఒక పొడుగు నోటు పుస్తకం కొనుక్కొచ్చి, మొదటి పేజీలో అమ్మీ పాటను తన చేత్తో రాశారు. ఇంకా మూడు నాలుగు చరణాలు దొరకలేదు. వాటికోసం ఖాళీ ఉంచారు. రెండవ పేజీలో, మేము అడగకుండానే, అబ్బాజాన్ తోటలో విన్న రఫీ తెలుగు పాటల పేర్లు రాసి, కింద ఇలా చేర్చారు: "ఇవి మా తండ్రికి ఇష్టమైనవి. నేను వినను. ఆయన వింటున్నప్పటి ముఖం మాత్రం నాకు ఇష్టం." రెండేళ్ళ మౌనం ఆ మూడు వాక్యాలతో తీరిపోయింది.

ఆ పుస్తకానికి మేమంతా కలిసి కొన్ని నియమాలు పెట్టుకున్నాం. ఏ ఇంటికైనా ఉపయోగపడవచ్చునని ఇక్కడ రాస్తున్నాం. పాట పేరు ఒక్కటే రాస్తే చాలదు. ఎవరు పాడగా విన్నాం, ఎక్కడ విన్నాం, అప్పుడు పక్కన ఎవరున్నారు అన్న మూడు సంగతులూ ఉండాలి. ఉర్దూ మాటలను పిల్లలు చదవగలిగేలా తెలుగు లిపిలో రాయాలి. తప్పొప్పులను తరువాత దిద్దుకోవచ్చు. ఎవరినీ వినమని బలవంతపెట్టకూడదు, విన్నవారిని తక్కువ చేయకూడదు. వినడం ఇష్టం లేనివారు జ్ఞాపకం చెబితే చాలు. పెద్దలు పాడుతున్నప్పుడు మధ్యలో సరిదిద్దకూడదు. వారు ఏ మాట దగ్గర ఆగారో గమనించాలి. అక్కడే మనకు తెలియని మనిషి ఒకరు ఉండవచ్చు.

కువైట్‌లోని తమ్ముడు తన వంతుగా వారానికొక జ్ఞాపకం గొంతుతో చెప్పి పంపుతున్నాడు. మా పిల్లలు దానిని విని పుస్తకంలోకి ఎక్కిస్తున్నారు. అతను పంపిన మొదటిది పాట కానే కాదు. సహర్ వేళ వీధిలో డబ్బా వాయిస్తూ అందరినీ నిద్రలేపే పెద్దాయన కేక. అతనున్న బహుళ అంతస్తుల భవనంలో సహర్‌కు ఫోను అలారమే మోగుతుందట. అయినా కళ్ళు తెరిచే ముందు ఒక్క క్షణం ఆ కేకే వినిపిస్తుందట.

పాఠక సోదరీ సోదరులారా, మన ఇళ్ళలో ఆస్తి కాగితాలు ఇనుపపెట్టెలో ఉంటాయి. పెద్దల పాటలు మాత్రం వారి ఊపిరిలో ఉంటాయి. జోలపాట, తిరగలి పాట, నాట్ల పాట, పెళ్ళికూతురికి పసుపు రాసేటప్పుడు పాడే పాట, మీలాద్ సభలో తాతగారు చదివిన నాత్, ఇవేవీ ఏ రేడియో కేంద్రంలోనూ భద్రపరచి లేవు. ఈ శుక్రవారం అస్ర్ తరువాత ఒక గంట తీరిక చేసుకొని మీ ఇంటి పెద్దల పక్కన కూర్చోండి. "మీకు ఇష్టమైన పాట ఏది?" అని అడిగితే బహుశా వారు నవ్వి ఊరుకుంటారు. "ఆ పాట మీకు ఎవరు నేర్పారు?" అని అడగండి. వారు ఒక పేరు చెబుతారు. ఆ పేరు రాసుకొని, ఆ మనిషి కోసం అక్కడే, అప్పుడే చేతులెత్తి దుఆ చేయండి. మా పుస్తకంలో మొదటి పేజీ రాసిన రాత్రి మేమూ అదే చేశాం. నలభై రోజులైనా నిండకుండానే పోయిన మా అక్క కోసం, ఆమె తోబుట్టువులం ఐదుగురమూ కలిసి చేతులెత్తడం అదే మొదటిసారి.